పద్దుకెక్కని కానుకలు

మన పెళ్ళిళ్ళలో భోజనాల పందిరికి దగ్గర్లో ఒక బల్ల వేసి ఉంటుంది. బల్ల మీద పొడుగాటి పుస్తకం, పక్కనే కవర్లు వేసే సంచి. లెక్క తెలిసిన బంధువొకాయన అక్కడ కూర్చుని రాస్తూ ఉంటాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, 516 రూపాయలు. ఫలానా వారు, 1116. అది చదివింపుల పుస్తకం. పెళ్ళయ్యాక బీరువాలోకి వెళ్ళిపోతుంది. ఆ ఫలానా వారింట్లో శుభకార్యం వచ్చిన రోజున మళ్ళీ బయటికొస్తుంది. మనకెంత చదివించారో చూసుకుని, దానికి తగ్గకుండా, వీలైతే మరో వంద కలిపి మనమూ చదివిస్తాం.

అందులో తప్పేమీ లేదు. ఒక ఇంటి పెళ్ళి ఖర్చును బంధువులూ ఊరివాళ్ళూ తలో చెయ్యీ వేసి మోసే పద్ధతి అది. ఇవాళ మీ ఇంటికి, రేపు మా ఇంటికి. కాకపోతే అదే పెళ్ళికి పక్కింటి పెద్దమ్మగారు వారం ముందునుంచీ వచ్చి పసుపు దంచి ఉంటారు. ఎదురింటి పిల్ల పెళ్ళికూతురి జడకు మొగ్గలు గుచ్చి ఉంటుంది. వెనకింటాయన మామిడాకులు తెచ్చి తోరణాలు కట్టి ఉంటాడు. ఇవేవీ ఆ పుస్తకంలో ఉండవు. ఎంతని రాస్తారు? రాయడానికి వీల్లేదు కాబట్టే తిరిగి తీర్చడానికీ వీల్లేదు. తీర్చలేం కాబట్టే ఆ మనుషులతో మన సంబంధం తెగదు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల గురించే. మన చేత్తో చేసి పక్కింటివాళ్ళకూ, పిల్లలకూ ఇచ్చే చిన్న చిన్న వస్తువుల గురించి. మధ్యలో కొన్ని కొలతలు చెబుతాను, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

పసిబిడ్డ విషయంలో మన ఇళ్ళల్లో ఒక అందమైన ఆచారం ఉంది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే చిలకలు. ఊరికో వరస ఉంటుంది, ఇంటికో మార్పు ఉంటుంది కానీ అడుగులకు అరిసెలు మాత్రం దాదాపు అందరికీ తెలుసు. బియ్యం నానబోసి, తడిపిండి కొట్టి, బెల్లం పాకం పట్టి అరిసెలు వండుతారు. కొన్ని ఇళ్ళల్లో వాటిని వరసగా పరిచి, పైన పల్చని గుడ్డ వేసి, బిడ్డను చెయ్యి పట్టుకుని వాటి మీద నడిపిస్తారు. తర్వాత ఆ అరిసెలు వీధిలోని పిల్లలకు పంచుతారు.

ఇక్కడ ఎవరు ఇస్తున్నారో, ఎవరు పుచ్చుకుంటున్నారో కాస్త గమనించండి. సంతోషం కలిగింది బిడ్డ ఇంట్లో. కానుక వెళ్ళింది పొరుగింటి పిల్లలకు. ఎవరూ ఏమీ పట్టుకురానక్కరలేదు. పిలుపు కూడా అక్కరలేదు. "ఫలానావాళ్ళ చంటాడు నడుస్తున్నాడట" అని వీధంతా తెలిసిపోతుంది. తెలిసిన ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఒక అరిసె ఉంటుంది. ఆ చంటాడు రేపు వీధిలోకి వచ్చి తడబడి పడితే, లేపడానికి పరుగెత్తే పిల్లలు వాళ్ళే.

ఇప్పుడు పుట్టినరోజు పండుగల్లో వచ్చిన పిల్లలందరికీ రిటర్న్ గిఫ్టు ఇస్తున్నారు. ఆ ఆలోచన కొత్తదేం కాదు. మన అరిసెల ఆచారానికి దగ్గరి చుట్టమే. కాకపోతే ఇరవై పెన్సిలు డబ్బాలు ఒకేచోట కొని, ఇరవై రంగు సంచుల్లో వేసి, గుమ్మం దగ్గర అందించేసరికి అదొక బాకీ తీర్చుకోవడంలా తయారైంది. ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచుకునే తల్లిదండ్రుల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళకు సమయం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయితే ఆ ఇరవై డబ్బాల కోసం బజారంతా తిరిగే సాయంత్రాన్నే ఇంట్లో పిల్లలతో కూర్చుని ఏదైనా చేయడానికి వాడుకోవచ్చు. పాత పెళ్ళి శుభలేఖలు ప్రతి ఇంట్లోనూ కట్టలుగా ఉంటాయి. మంచి దళసరి కాగితం, బంగారు రంగు అచ్చు, అంచుకు పూలు. వాటిని పట్టీలుగా కత్తిరించి, పైన చిల్లు పొడిచి రంగు దారం కడితే పుస్తకంలో పెట్టుకునే గుర్తు తయారవుతుంది. ప్రతి దాని మీదా వచ్చే పిల్ల పేరు, పుట్టినరోజు జరుపుకునే బిడ్డే తన అక్షరాలతో రాయాలి. అక్షరాలు వంకరగా వస్తే రానివ్వండి. తన పేరు స్నేహితురాలు రాసి ఇచ్చిందంటే ఆ పిల్ల దాన్ని పారేయదు.

ఇక ఇరుగుపొరుగు సంగతి. పొరుగింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మన అమ్మమ్మలూ నానమ్మలూ గట్టిగా చెప్పేవారు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేవారు. వాళ్ళు పాయసం పంపారు కదా, మనమూ పాయసమంత విలువైనదే పంపాలి అని ఎవరూ లెక్క చూసేవారు కాదు. చిటికెడు పంచదార పాయసానికి సాటి కాదు. సాటి కానక్కరలేదు కూడా. గిన్నె అటూ ఇటూ తిరుగుతూ ఉండటమే ముఖ్యం.

ఈ గిన్నెలకు చాలా చోట్ల మతం అడ్డు రాలేదు. రంజాన్ నాడు ముస్లింల ఇళ్ళ నుంచి షీర్ ఖుర్మా వస్తుంది. క్రిస్మస్ నాడు కేకు ముక్కలు వస్తాయి. సంక్రాంతికి మన ఇళ్ళ నుంచి అరిసెలూ జంతికలూ వెళ్తాయి. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు సత్తుపిండి, నువ్వుల పొడి, పల్లీల పొడి, మలీద ముద్దలు కట్టుకుని చెరువు గట్టుకు వెళ్తారు. బతుకమ్మలను నీళ్ళలో విడిచాక అక్కడే ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. ఆ మలీద అంటే రొట్టెను మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కట్టినది. మొహర్రం నాటి పీర్ల పండుగలోనూ మలీదే పంచుతారు. రెండు పండుగలకూ ఒకే ముద్ద. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా ఎంతో సంతోషంగా ఉంటుంది.

మరి పొరుగువాళ్ళకు ఏం చేసి ఇవ్వాలి? నా మటుకు నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. ఆ ఇంట్లో ఎవరున్నారు? మనకు చేతనైనది చేయడం ఒక పద్ధతి, వాళ్ళకు అక్కరకొచ్చేది చేయడం ఇంకో పద్ధతి. పక్క పోర్షనులో చదువుకునే కుర్రాళ్ళు నలుగురు అద్దెకుంటే వాళ్ళకు మిఠాయి కన్నా కందిపొడి మేలు. కరివేపాకు కారం మేలు. అన్నం వండుకోవడం వచ్చి, కూర వండే ఓపిక లేని రాత్రులు వాళ్ళకు చాలా ఉంటాయి. షుగరున్న మాస్టారికి లడ్డూలు పంపితే ఆయన మొహమాటపడి తింటారు, లేదా పారేయలేక ఇబ్బంది పడతారు. ఆయనకు వేయించిన నువ్వుల పొడి ఇవ్వండి, రక్తపోటు కూడా ఉంటే ఉప్పు బాగా తగ్గించండి. బాలింత ఉన్న ఇంటికి మాత్రం అడగకుండా ఏదీ వండి పంపవద్దు. పత్యం ఎలా నడుస్తోందో ఆమె తల్లినో అత్తగారినో కనుక్కుని అప్పుడు పంపండి.

పెద్దలూ పిల్లలూ ఇష్టపడేది, నిలవ ఉండేది, చేయడం తేలికైనది ఒకటి చెప్పమంటే నేను సున్నుండలు చెబుతాను. పాకం పట్టే పని లేదు, ముదిరిపోతుందన్న భయం లేదు. రాసుకోండి. మినుములు అరకిలో. పొట్టుతో ఉన్నవైతే రుచి ఎక్కువ, పొట్టు తీసినవైనా పరవాలేదు. బియ్యం ఒక గుప్పెడు. బెల్లం 400 గ్రాములు. నెయ్యి పావుకిలో. మళ్ళీ చెబుతాను. మినుములు అరకిలో, బియ్యం గుప్పెడు, బెల్లం 400 గ్రాములు, నెయ్యి పావుకిలో.

మందపాటి మూకుడులో మినుములను సన్నని సెగ మీద వేయించాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. సెగ పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చి, గింజ కొరికితే కరకరమనాలి. బియ్యం విడిగా వేయించండి. ఆ గుప్పెడు బియ్యం ఎందుకంటే, వట్టి మినప్పిండి అయితే ఉండ నోట్లో అంగిలికి అతుక్కుంటుంది. బియ్యం కలిస్తే అతుక్కోదు. పూర్తిగా చల్లారాక రెండూ కలిపి కాస్త బరక ఉండేలా పిండి పట్టండి. తురిమిన బెల్లం పిండిలో వేసి ఇంకొకసారి మిక్సీలో తిప్పితే బాగా కలుస్తుంది. నెయ్యి కరిగించి, చెయ్యి కాలని వేడిలో కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టండి. నిమ్మకాయంత ఉండలు ముప్పై పైచిలుకు వస్తాయి. నీటి తడి తగలకుండా ఉంటే రెండు వారాలు చక్కగా నిలవ ఉంటాయి. అయిదేసి ఉండలు ఆరు ఇళ్ళకు పంపవచ్చు.

ఇచ్చేటప్పుడు న్యూస్ పేపర్‌లో మాత్రం చుట్టవద్దు. సిరా నూనెకూ నెయ్యికీ అంటుకుంటుంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల్లో తినుబండారాలను న్యూస్ పేపర్‌లో చుట్టడాన్ని నిషేధించారు. మనకు విస్తరాకులున్నాయి, అరటాకులున్నాయి. మోదుగాకు డొప్పలో అయిదు సున్నుండలు పెట్టి ఇస్తే ఆ అందమే వేరు. స్టీలు గిన్నెలో ఇస్తే ఇంకా మంచిది. గిన్నె తిరిగి ఇవ్వడానికైనా వాళ్ళు మీ గుమ్మం ఎక్కాలి కదా.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం.

మన పిల్లలకు ఒకప్పుడు ఆటవస్తువులు చెట్లే ఇచ్చేవి. వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన రెండు కాయలకు మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోతే బండి. కొబ్బరి చిప్పలు గుజ్జనగూళ్ళకు గిన్నెలు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కపిడతలు ఎంతో అందంగా ఉంటాయి, కొనగలిగినవాళ్ళు తప్పక కొనాలి. ఆ కళ బతకాలి. అయితే అవి లేని ఇంట్లో కూడా పిల్లల వంట ఏనాడూ ఆగలేదు.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను, అయినా ఒకటి మాటలతోనే నేర్పడానికి ప్రయత్నిస్తాను. కొబ్బరాకు బూర. కొబ్బరి మట్ట నుంచి ఒక పచ్చి ఆకు తుంచండి. మధ్యనున్న ఈనె లాగేస్తే రెండు పొడుగాటి పట్టీలు వస్తాయి. ఈనె పారేయకండి, పనుంది. ఒక పట్టీ సన్నని కొస తీసుకుని, చిటికెన వేలి కన్నా సన్నగా గొట్టంలా చుట్టడం మొదలుపెట్టండి. ఒక్కో చుట్టు కిందటి చుట్టును సగం కప్పుతూ ముందుకు జరగాలి. జరిగేకొద్దీ వెడల్పు పెంచుతూ పోవాలి. పట్టీ అయిపోతే రెండోది లోపలికి దోపి చుట్టడం కొనసాగించండి. చివర విడిపోకుండా ఈనె ముక్కతో గుచ్చండి. సన్నని వైపు ఆకు ముక్క ఒకటి మడిచి పీకలా దోపి, రెండు వేళ్ళతో కాస్త నొక్కి బల్లపరుపుగా చేయండి. పెదవుల మధ్య పెట్టుకుని ఊదండి. మోగకపోతే పీకను ఇంకొంచెం నొక్కండి. మోగి తీరుతుంది. రెండు రోజుల్లో ఆకు ఎండిపోతుంది, బూర పోతుంది. పోతే పోనివ్వండి. ఈసారి మీరు చేయరు, పిల్లవాడే చేస్తాడు. ఇంకో నలుగురికి చేసి ఇస్తాడు.

పిల్లలు తమ చేత్తో బొమ్మలు చేసుకునే మాట వస్తే నాకు అరవింద్ గుప్తా గారు గుర్తొస్తారు. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, లారీలు తయారుచేసే పెద్ద కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోశంగాబాద్ జిల్లాకు వెళ్ళారాయన. అక్కడ పల్లెటూరి బడి పిల్లలకు చేత్తో చేయించి సైన్సు నేర్పే కార్యక్రమం అప్పటికే 1972 నుంచి నడుస్తూ ఉండేది. అక్కడాయన సైకిలు వాల్వు ట్యూబును చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం. చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. ఇంటి దూలాలకూ, కరెంటు టవర్లకూ త్రిభుజాలెందుకు ఉంటాయో ఆ రెండు బొమ్మలు చేతిలో ఉన్న పిల్లకు ఇంకెవరూ వివరించనక్కరలేదు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి. మీ ఊరి సైకిలు షాపులో వాల్వు ట్యూబు అడిగి మీటరు కొనండి, తలలు తీసేసిన అగ్గిపుల్లలు ఒక డబ్బాలో పెట్టండి. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంత మంచి కానుక బజారులో దొరకదని నా నమ్మకం.

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కానుక కావాలంటే అష్టాచెమ్మా గుడ్డ కుట్టి ఇవ్వండి. ఇది నాకు చాలా ఇష్టమైనది కాబట్టి తీరిగ్గా చెబుతాను. పాత నూలు దుప్పటిలోంచి అరమీటరు చదరపు గుడ్డ కత్తిరించండి. అంచులు మడిచి కుట్టండి. దాని మీద అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్ళు వచ్చేలా పెన్సిలుతో గీయండి. మొత్తం 25 గళ్ళు. ఒక్కో గడి 8 సెంటీమీటర్లు ఉంటే గీత 40 సెంటీమీటర్లకు వస్తుంది, చుట్టూ అంచుకు చోటు మిగులుతుంది. ఆ గీతల మీద రంగు దారంతో మామూలు పరుగు కుట్టు వేయండి. నాలుగు వైపులా మధ్య గళ్ళలోనూ, నట్టనడిమి గడిలోనూ ఇంటూ గుర్తు కుట్టండి. ఆ గళ్ళలో ఉన్న కాయను చంపకూడదు.

పందేలు వేయడానికి చింతగింజలు నాలుగు. ఒకవైపు గరుకు బండ మీద అరగదీస్తే తెల్లగా పప్పు తేలుతుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. కాయలుగా ఒక్కొక్కరికి నాలుగేసి పాత బొత్తాలు, ఒక్కొక్కరికి ఒక రంగు. అన్నీ వేయడానికి జాకెట్టు ముక్కతో చిన్న సంచి కుట్టి, మూతికి తాడు ఎక్కించండి. గుడ్డను చుట్టి ఆ తాడుతోనే కట్టేయవచ్చు. రైలు ప్రయాణంలోకి వెళ్తుంది, వరండాలోకి వెళ్తుంది, ఆసుపత్రిలో మంచం పక్కకూ వెళ్తుంది. కాళ్ళనొప్పులతో బయటికి కదలలేని పక్కింటి మామ్మగారికి ఇది ఇచ్చి, ఆడుకోవడానికి మీ పిల్లల్ని కూడా పంపండి. ఒకే వస్తువుతో పిల్లలకూ పొరుగుకూ కానుక ఇచ్చినట్టవుతుంది. ఆట నియమాల్లో మీ పిల్లలు నేర్చినదానికీ ఆవిడకు తెలిసినదానికీ తేడా వస్తే ఆవిడ మాటే ఖాయం చేయమనండి.

చింతగింజలన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన హెచ్చరిక. గురివింద గింజలు ఎర్రగా, నల్లని బొట్టుతో ముచ్చటగా ఉంటాయి. వాటిని బొమ్మలకు కళ్ళుగా అంటించడం, గలగలలాడేలా డబ్బాల్లో వేయడం కొందరు చేస్తుంటారు. దయచేసి చేయకండి. ఆ గింజలో తీవ్రమైన విషం ఉంది. నమిలి మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. పిల్లల వస్తువుల్లోకి గురివిందను రానివ్వవద్దు.

రెండో జాగ్రత్త. మన దేశంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. మనం ఇంట్లో చేసి ఇచ్చే వాటిని ఎవరూ పరీక్షించరు, ఆ పరీక్ష మనమే చేయాలి. మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే దేనిలోనూ గొంతులో అడ్డుపడే ముక్క ఉండకూడదు. బొమ్మల పరీక్షలో వాడే గొట్టం వెడల్పు 3 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దదనుకోండి. అందులో పట్టేది ఏదైనా పసివాళ్ళకు ప్రమాదమే. కాబట్టి గుడ్డబొమ్మకు బొత్తాల కళ్ళు పెట్టకుండా దారంతోనే కళ్ళు కుట్టండి. మెడకు పొడుగాటి తాళ్ళు, రిబ్బన్లు కట్టవద్దు. రంగు డబ్బాల్లో మిగిలిపోయిన పాత పెయింటు వేయవద్దు, అందులో సీసం ఉండవచ్చు. పిల్లలు ముందు నోటితోనే చూస్తారు కదా.

పిల్లలకు చేసి ఇవ్వడం గురించి ఇంతసేపూ చెప్పాను. పిల్లలు చేసి ఇవ్వడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలా ఇళ్ళల్లో పిల్లలు పుచ్చుకునేవాళ్ళుగానే పెరుగుతున్నారు. ఇచ్చేటప్పుడు ఉండే గర్వం వాళ్ళు ఎరగరు. ఇంట్లో ఉండలు కట్టేటప్పుడు వాళ్ళకూ పీట వేయండి. వాళ్ళు కట్టినవి పెద్దవీ చిన్నవీ వస్తాయి. వాటినే పక్కింటికి పంపండి, బాగా వచ్చినవి మీరు ఉంచుకోండి. తీసుకెళ్ళేది కూడా వాళ్ళే కావాలి. తలుపు తట్టడం, "అత్తయ్యగారూ, అమ్మ ఇమ్మంది, నేను కూడా కట్టాను" అని చెప్పడం, వాళ్ళు రుచి చూసేదాకా కాసేపు నిలబడటం. ఇవన్నీ ఏ బడీ నేర్పలేదు.

సంక్రాంతికి గాలిపటాలు పిల్లలే చేసి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇవ్వగలరు. న్యూస్ పేపరు చతురస్రంగా కత్తిరించి, కొబ్బరి చీపురులోంచి రెండు పుల్లలు తీసి, ఒకటి మూల నుంచి మూలకు నిటారుగా, రెండోది విల్లులా వంచి అన్నం మెతుకులతో అతికిస్తే చాలు. కింద కాగితం తోక. ఎగరేయడానికి నూలు దారం ఇవ్వండి. నైలాన్ మాంజా పక్షుల రెక్కలనూ, దారినపోయేవాళ్ళ మెడలనూ కోస్తోంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది.

అపార్ట్‌మెంట్లలో ఉండే శ్రోతలు అనుకుంటూ ఉండవచ్చు, పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియదు, ఎలా ఇస్తామని. తెలియకపోతే తెలుసుకోవడానికే ఇవ్వండి. మొదటిసారి చాలా చిన్నది ఇవ్వండి. కుండీలో కాసిన నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు. పెద్దది ఇస్తే తిరిగి ఏమివ్వాలా అని వాళ్ళకు దిగులు పుడుతుంది. కరివేపాకుకు ఎవరూ దిగులుపడరు.

ఆఖరుగా బొంత గురించి. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు మొదట్లో కొత్త గుడ్డలు వేయరు, వాడి వాడి మెత్తబడిన పాత నూలు గుడ్డలే వేస్తారు. పసి చర్మానికి అంతకన్నా హాయి ఇంకోటి లేదు. పొరుగున బిడ్డ పుట్టబోతుంటే మీరివ్వగలిగిన గొప్ప కానుక పాత నూలు చీరతో కుట్టిన చిన్న బొంత. అయిదున్నర మీటర్ల చీరను అయిదు మడతలు వేస్తే ఇంచుమించు మీటరు చదరం వస్తుంది. చిరుగులున్న చోటు లోపలి మడతల్లోకి పోయేలా చూసుకోండి. ముందుగా పొడుగు కుట్లతో మడతలన్నీ కదలకుండా పట్టించి, తర్వాత ఒక చివర నుంచి రెండో చివరకు రెండు వేళ్ళ ఎడంతో పరుగు కుట్టు వరసలు వేసుకుంటూ రండి. చీర అంచు కత్తిరించి ఉంచితే దాన్నే చుట్టూ అంచుగా వేయవచ్చు. జరీ అంచయితే వద్దు, గీరుకుంటుంది. బొంతను బిడ్డ కింద పరచడానికే వాడమని చెప్పండి, నిద్రలో ముఖం మీదికి జరిగేలా పైన కప్పవద్దనండి.

మీ వీధిలో ఎవరికైనా సీమంతం జరిగిందని తెలిస్తే ఆ వారంలోనే చీర వెతకండి. రోజుకు రెండు వరసలు కుట్టినా ప్రసవం నాటికి పూర్తవుతుంది. కుట్టాక సూదులేవీ లోపల మిగల్లేదని చేత్తో ఒకసారి తడిమి చూసి, వేణ్ణీళ్ళలో ఉతికి, మంచి ఎండలో ఆరబెట్టి, అప్పుడు ఇవ్వండి.